ఫేజ్ దొరికాకే అసలు పని మొదలైంది: ల్యాబ్‌లో నా అనుభవం

పీహెచ్‌డీలో బ్యాక్టీరియా మీద పని చేద్దామనుకునే జూనియర్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు, ఫేజ్ థెరపీ (బ్యాక్టీరియాను చంపే వైరస్‌లను మందుగా వాడటం) ప్రాజెక్టు ఎలా ఉంటుందని. పేపర్లు చదివితే మూడు బొమ్మల్లో కథ అయిపోతుంది. మురుగునీటిలోంచి ఫేజ్ తీశారు, మొండి బ్యాక్టీరియాను చంపారు, ఎలుక బతికింది. ఆ బొమ్మల మధ్యలో ఏం జరుగుతుందో, ఎక్కడ ఎన్నాళ్లు ఆగాలో, ఎక్కడ ఏడుపొస్తుందో ఎవరూ రాయరు. నేను రెండో ఏడాది చివర్లో ఉన్నాను, ఎలుకల దాకా ఇంకా వెళ్లనే లేదు. ఇప్పటిదాకా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జూన్‌లో చేరాను. నా స్ట్రెయిన్ (నేను పని చేయాల్సిన బ్యాక్టీరియా రకం) చేతికొచ్చింది అక్టోబరు మూడో వారంలో. మధ్యలో గడిచిందంతా కాగితాల పనే. రోగి నుంచి తీసిన బ్యాక్టీరియా కాబట్టి ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఇటు మా సంస్థ బయోసేఫ్టీ కమిటీ ఒప్పుకోవాలి. ఆ పైన రెండు సంస్థల మధ్య మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం కుదరాలి. దీన్నుంచి మందేదైనా తయారైతే హక్కు ఎవరిదన్న ఒక్క వాక్యం దగ్గర ఆ ఒప్పందం ఆరు వారాలు ఆగిపోయింది. అప్పటికి మా దగ్గర మందు సంగతి అలా ఉంచండి, బ్యాక్టీరియా కూడా లేదు! ఆ ఖాళీలో హెపటైటిస్ బీ టీకాలు మొదలుపెట్టుకున్నాను, బయోసేఫ్టీ శిక్షణ పూర్తి చేశాను, హాని చెయ్యని ఈ. కోలై మీద టీ4 ఫేజ్‌తో చెయ్యి తిరిగేదాకా సాధన చేశాను. ఆ సాధనే తర్వాత కాపాడింది. కాబట్టి అనుమతుల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఉత్తినే కూర్చోకండి.

వచ్చింది క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా. ఐసీయూలో ఒకరి రక్తంలోంచి తీసినది. యాంటీబయోటిక్ పరీక్ష కాగితంలో ఆఖరి అస్త్రంగా వాడే కార్బపెనెమ్‌లతో సహా దాదాపు అన్నిటి ఎదురుగా 'రెసిస్టెంట్' (లొంగదు) అనే ఉంది. గొట్టం మీద ఒక అంకె, తేదీ, 'రక్తం' అన్న మాట. అంతే. ఆ మనిషి ఏమయ్యారో మాకు చెప్పరు, మేం అడగకూడదు. మొదటి వారం ఆ లేబుల్ చూసినప్పుడల్లా మనసు ఒకలా అయ్యేది. తర్వాత పనిలో పడి అదీ అలవాటైపోయింది, దానికి కొంచెం సిగ్గుగా కూడా ఉంటుంది.

మొదటిసారి ప్లేట్ మీద పెంచితే కాలనీలు (కంటికి కనిపించే బ్యాక్టీరియా కుప్పలు) తడిగా, ఉబ్బుగా, ఒకదాంట్లోకి ఒకటి జారిపోతూ కనిపించాయి. లూప్ అనే సన్నటి పుల్లతో ముట్టి పైకి లాగితే చీమిడి తీగలా సాగింది. ఆ తీగ 5 మిల్లీమీటర్లు దాటితే స్ట్రింగ్ టెస్ట్ పాజిటివ్ అంటారు. నాది దాటి ఇంకా సాగుతూనే ఉంది. ఆ జిగురే క్యాప్సూల్, బ్యాక్టీరియా తన చుట్టూ కప్పుకునే చక్కెర గొలుసుల పొర. ఈ పొర ఉన్నంతకాలం రక్తంలో బ్యాక్టీరియాను చంపే కాంప్లిమెంట్ ప్రోటీన్లు దాన్ని సరిగ్గా పట్టుకోలేవు, తెల్ల రక్తకణాలు మింగలేవు. పుస్తకంలో ఈ సంగతి ఒక పేరా. ల్యాబ్‌లో మాత్రం రోజూ తలనొప్పి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మామూలు బ్యాక్టీరియా అడుగున గట్టిగా కూర్చుంటుంది. ఇది సగం మబ్బులా తేలుతూనే ఉంటుంది. పైనీళ్లు తీయబోతే బ్యాక్టీరియా కూడా పిపెట్‌లోకి వచ్చేస్తుంది.

నవంబరులో ఫేజ్ వేట మొదలుపెట్టాను. ఫేజ్ అంటే బ్యాక్టీరియాను మాత్రమే పట్టే వైరస్. బ్యాక్టీరియా ఎక్కడుంటే అదీ అక్కడే ఉంటుంది కాబట్టి మురుగునీటి శుద్ధి కేంద్రంలోకి నీళ్లు వచ్చే చోట నమూనా తీసుకోవాలి. దానికీ ఒక అనుమతి లేఖ, దానికీ రెండు వారాలు. వాసనకు సిద్ధపడే వెళ్లాను కానీ ఫిల్టర్లకు సిద్ధపడలేదు. బ్యాక్టీరియా అంతా పోవాలంటే 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టాలి. మురుగునీరు నేరుగా పోస్తే నాలుగు చుక్కలు దిగేసరికి మూసుకుపోతుంది. ముందు బాగా సెంట్రిఫ్యూజ్ చేసి, తర్వాత 0.45తో వడకట్టి, ఆఖరున 0.22కు వెళ్లాలి. అలా చేసినా మొదటి నెల వినియోగ వస్తువుల బిల్లులో సింహభాగం ఫిల్టర్లదే. మా గైడ్ మేడం బిల్లు చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

వడకట్టిన నీటికి రెట్టింపు గాఢత ఉన్న బ్రాత్ (బ్యాక్టీరియా పెరిగే పోషక ద్రవం), నా బ్యాక్టీరియా కలిపి రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఫేజ్ ఒక్కటున్నా తెల్లారేసరికి కోట్లవుతుంది. తర్వాత మెత్తటి అగార్‌లో (జెల్లీలా గడ్డకట్టే పదార్థంలో) బ్యాక్టీరియా కలిపి ప్లేట్ మీద పలుచగా పోసి, ఆ ద్రవం చుక్కలు పెట్టాలి. మెత్తటి అగార్ 45-50 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంకా వేడిగా ఉంటే బ్యాక్టీరియా చస్తుంది, చల్లారితే పోస్తుండగానే గడ్డలు కడుతుంది. చుక్క పెట్టిన చోట తేటగా మారితే ఫేజ్ ఉందని సంబరపడకూడదు. వేరే బ్యాక్టీరియా వదిలిన విషపదార్థం వల్ల కూడా అలా అవుతుంది. పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలుచన చేస్తూ పోతే విడివిడి చుక్కలుగా తేటమచ్చలు కనిపించాలి. వాటినే ప్లాక్‌లు అంటారు. నావి వారాల తరబడి కనిపించలేదు. ఒకసారైతే సీనియర్ ఒకాయన, గాలి బుడగలను ప్లాక్‌లనుకుని ల్యాబంతా పిలిచిన కథ చెప్పి నన్ను ఓదార్చారు.

జనవరిలో దొరికింది. పొద్దున ప్లేట్ పైకెత్తి లైటుకు పెడితే మధ్యలో గాజులా తేటగా చిన్న మచ్చ, దాని చుట్టూ కొంచెం మసకగా ఒక వలయం. మర్నాటికి మచ్చ అంతే ఉంది, వలయం పెద్దదైంది. మూడో రోజుకు ఇంకా పెరిగింది. ఆ వలయాన్ని చూసి మేడం మొదటిసారి నవ్వారు. ఈ రకం ఫేజ్‌ల తోకకు క్యాప్సూల్‌ను కోసే ఎంజైమ్ ఉంటుంది, డీపాలిమరేజ్ అంటారు. ఫేజ్ చేరని చోటికి కూడా ఎంజైమ్ పాకిపోయి బ్యాక్టీరియా మీది జిగురును కొరికేస్తుంది, అందుకే వలయం. అంటే మా ఫేజ్ బ్యాక్టీరియాను పట్టుకునేది ఆ జిగురును బట్టే. దేన్ని కవచంగా వాడుకుని అది మనిషిని జబ్బు పడేస్తోందో దాన్నే ఇది తలుపుగా వాడుకుంటోంది.

ఒకే ప్లాక్ నుంచి మళ్లీ మళ్లీ పెంచి శుద్ధి చేయడం, మిల్లీలీటరుకు వంద కోట్ల పైచిలుకు వచ్చేలా పెంచడం, ఇవన్నీ ఫిబ్రవరిలో సాఫీగా అయిపోయాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ స్లాట్ కోసం మూడు వారాలు ఆగాను, గంటల లెక్కన ఛార్జీ. పొట్టి తోక ఫేజ్. జన్యుక్రమం చదివించి చూస్తే బ్యాక్టీరియా జన్యువుల్లో దాక్కునే గుణానికి సంబంధించిన ఇంటిగ్రేజ్ జీన్ లేదు, విషాల జీన్లు లేవు, రెసిస్టెన్స్ జీన్లు లేవు. చికిత్సకు పనికొచ్చే ఫేజ్‌లో ఈ మూడూ ఉండకూడదు. ఇంటికి ఫోన్ చేసి అంతా అయిపోయినట్టే చెప్పాను.

మార్చిలో ఆ ఉత్సాహం నీరుగారిపోయింది. ద్రవంలో పెరుగుతున్న బ్యాక్టీరియాకు ఫేజ్ కలిపి, ప్లేట్ రీడర్ అనే యంత్రంలో రాత్రంతా ద్రవం మసకను కొలిచే ప్రయోగం పెట్టాను, బ్యాక్టీరియా ఎంత పెరిగితే మసక అంత పెరుగుతుంది. రెండు గంటల్లో గ్రాఫ్ నేలకు దిగింది. ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసుకుని వెళ్లి హాయిగా పడుకున్నాను. పొద్దున వచ్చి చూస్తే ఆరు గంటల దాకా అడుగునే ఉన్న గీత, ఎనిమిదో గంట నుంచి లేచి, తెల్లారేసరికి ఫేజ్ వెయ్యని దాని పక్కకు వచ్చి నిలబడింది. ప్లేట్‌లోని అన్ని బావుల్లోనూ (ద్రవం పోసే చిన్న గుంటల్లోనూ) అంతే. మళ్లీ చేసినా అంతే. పది రెట్లు ఎక్కువ ఫేజ్ వేస్తే ఇంకా త్వరగా లేచింది. ఆ రోజు మధ్యాహ్నం ఎవరితోనూ మాట్లాడలేదు.

సాయంత్రం మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె గ్రాఫ్ అరనిమిషం చూసి, "చచ్చినవాటి సంగతి అయిపోయిందమ్మా. బతికినవాటిని ప్లేట్ మీద వేసి చూశావా?" అన్నారు. వెయ్యలేదు. వేశాను. మర్నాడు కనిపించిన కాలనీలు నా బ్యాక్టీరియావే అంటే నమ్మబుద్ధి కాలేదు. చిన్నగా, చదునుగా, నిగారింపు లేకుండా ఉన్నాయి. లూప్‌తో లాగితే తీగ లేదు, విడిగా ఊడి వచ్చేశాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున గట్టిగా కూర్చున్నాయి. ఫేజ్ నుంచి తప్పించుకోవడానికి తలుపునే పీకేసుకున్నాయి, అంటే జిగురు తయారీ మానేశాయి. జన్యుక్రమంలో ఎక్కువ వాటికి క్యాప్సూల్ తయారీని మొదలుపెట్టే డబ్ల్యూసీఏజే అనే జీన్‌లోనే దెబ్బ ఉంది. ఒకదాంట్లో ఒక్క అక్షరం పోయింది, ఇంకొకదాంట్లో ఎగిరే జన్యుముక్క వచ్చి మధ్యలో దూరింది.

ఆ వారమే మేడం రెండు పేపర్లు పంపారు. 2016లో యేల్ యూనివర్సిటీ బృందం కనెక్టికట్‌లోని డాడ్జ్ పాండ్ అనే చెరువు నీటిలోంచి తీసిన ఓఎంకేఓ1 ఫేజ్ గురించి ఒకటి. అది సూడోమోనాస్ బ్యాక్టీరియా మందును బయటికి తోసే పంపు భాగాన్ని పట్టుకుంటుంది. తప్పించుకోవాలని బ్యాక్టీరియా పంపును మార్చుకుంటే పాత యాంటీబయోటిక్‌లు మళ్లీ పనిచేస్తాయి. రెండోది 2021లో ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ నుంచి వచ్చింది, అసినెటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఫేజ్‌ను తట్టుకోవడానికి క్యాప్సూల్ పోగొట్టుకుని మందులకు, కాంప్లిమెంట్‌కు దొరికిపోతుందని. మొదటిది చదివి ఉత్సాహం వచ్చింది. రెండోది చదివి ఉసూరుమనిపించింది, మనం కనిపెట్టామనుకున్నది పక్క బ్యాక్టీరియాలో ఎప్పుడో కనిపెట్టేశారని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పేపర్ లేకపోతే నేను ఏం కొలవాలో తెలియక ఇంకో ఆరు నెలలు తిరిగేదాన్ని.

జిగురు పోయిన బ్యాక్టీరియా నిజంగా బలహీనపడిందా? మొదటి పరీక్ష మనిషి రక్తపు సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం). 37 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచితే అసలు స్ట్రెయిన్ హాయిగా పెరిగింది, జిగురు లేనివి వెయ్యింతలకు పైగా తగ్గాయి. అదే సీరమ్‌ను 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి కాంప్లిమెంట్‌ను పనిచెయ్యకుండా చేస్తే రెండూ బతికాయి. ఈ ఒక్క ఫలితం మాత్రం మొదటిసారికే శుభ్రంగా వచ్చింది. సీరమ్ ఖరీదైనది, చిన్న చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచుకోవాలి. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టిస్తే కాంప్లిమెంట్ పాడవుతుంది.

ఇంత చూపించినా పరిశోధనలో ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. బలహీనపడింది ఆ జీన్ పోయినందుకేనా, ఇంకేదైనా మారిందా? తేల్చాలంటే మంచి జీన్‌ను ప్లాస్మిడ్‌లో (బ్యాక్టీరియాలోకి ఎక్కించగలిగే చిన్న గుండ్రటి డీఎన్ఏలో) పెట్టి తిరిగి లోపలికి పంపాలి. లోపలికి వెళ్లినవాటిని ఏరడానికి ప్లాస్మిడ్ మీద ఒక యాంటీబయోటిక్ రెసిస్టెన్స్ జీన్ ఉంటుంది, మామూలుగా యాంపిసిలిన్‌దో కానమైసిన్‌దో. నా బ్యాక్టీరియా వాటికి ముందే లొంగదు! ఫ్రీజర్‌లో ఉన్న ప్లాస్మిడ్‌లు ఒక్కటీ పనికిరాలేదు. చివరికి రోగుల చికిత్సలో వాడని హైగ్రోమైసిన్ మందుకు రెసిస్టెన్స్ ఇచ్చే జీన్ (దీన్నే మార్కర్ అంటారు) ఉన్న ప్లాస్మిడ్ తెప్పించుకున్నాం. అసలే మందులకు లొంగనిదానికి మనమే ఇంకో రెసిస్టెన్స్ ఇస్తున్నాం కాబట్టి బయోసేఫ్టీ కమిటీకి మళ్లీ అర్జీ, ఇంకో ఏడు వారాలు. ఇది న్యాయమైన ఆలస్యమే, నేను కమిటీలో ఉన్నా అడిగేదాన్ని. ఆస్పత్రి స్ట్రెయిన్‌లతో పని మొదలుపెట్టేవాళ్లు మాత్రం మార్కర్ సంగతి మొదటి అర్జీలోనే రాసేయండి.

కరెంటు షాక్‌తో ప్లాస్మిడ్ ఎక్కించేటప్పుడు బ్యాక్టీరియాలో ఉప్పు మిగిలిపోతే క్యువెట్ (షాక్ ఇచ్చే చిన్న గొట్టం) టప్పున పేలుతుంది. ఆ శబ్దానికి ల్యాబంతా నవ్వేది. అయినా ఈ దశ అనుకున్నదాని కంటే తొందరగా అయింది, మ్యూటెంట్‌కు (జీన్ దెబ్బతిన్న బ్యాక్టీరియాకు) జిగురు లేకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. జూలైలో ఒక పొద్దున ప్లేట్ మీద మళ్లీ తడిగా ఉబ్బిన కాలనీలు కనిపించాయి. ముట్టుకుంటే తీగ. అంత చిరాకు పెట్టిన జిగురును చూసి ఆనందించే రోజొస్తుందని అనుకోలేదు.

తర్వాత పురుగులు. ఎలుకల కంటే ముందు చాలామంది గాలేరియా మెలొనెల్లా లార్వాల మీద చూస్తారు. తేనెపట్టులోని మైనం తినే చిమ్మట పిల్లలివి. మన శరీర ఉష్ణోగ్రతలో బతుకుతాయి, బ్యాక్టీరియాను మింగే కణాలు వీటికీ ఉంటాయి. చాలాచోట్ల వీటికి జంతు ఎథిక్స్ అనుమతి అక్కర్లేదు. కాగితాలు లేవు కదా, సులువనుకున్నాను. ఆగస్టులో వచ్చిన మొదటి డబ్బా తెరిస్తే సగం లార్వాలు అప్పటికే ముదురు రంగుకు తిరిగాయి, దారిలో ఎండ తగిలినట్టుంది. మిగిలినవాటికి ఉప్పునీళ్లు మాత్రమే ఎక్కించిన గుంపులోనూ చావులు. ఆ గుంపు బతకకపోతే ప్రయోగం లెక్కలోకి రాదు. సరఫరాదారు ఇంకో డబ్బా పంపడానికి మూడు వారాలు పట్టింది.

మంచి లార్వా మీగడ రంగులో, మచ్చల్లేకుండా, పావు గ్రాము బరువుంటుంది. ఎడమ చేతి వేళ్ల మధ్య వెల్లకిలా పట్టుకుని, ఆఖరి జత కాళ్లలో ఒకదాని మొదట్లో సన్నటి సూదితో 10 మైక్రోలీటర్లు ఎక్కించాలి. అది మెలికలు తిరుగుతూ సూదిని పట్టుకుంటుంది. గ్లవ్స్ మీద గ్లవ్స్ వేసుకున్నా, మందులకు లొంగని బ్యాక్టీరియా నింపిన సూది వేలికి అంత దగ్గరగా ఉండటం నాకు చివరిదాకా అలవాటు కాలేదు. లార్వాను వేలితో కాకుండా ఫిల్టర్ కాగితం మడతలో పట్టుకోవడం ఒక సీనియర్ అక్క నేర్పింది. ప్రాణం కుదుటపడింది.

జబ్బు పడ్డ లార్వా ముందు మందకొడిగా అవుతుంది, తర్వాత వీపు మీద నల్లటి చార, ఆపైన మొత్తం నల్లగా మారిపోతుంది. ముట్టుకుంటే కదలకపోతే చనిపోయినట్టు లెక్క. అసలు స్ట్రెయిన్ ఎక్కించినవి రెండు రోజులు తిరక్కుండానే చాలావరకు పోయాయి. జిగురు లేనివి ఎక్కించినవి దాదాపు అన్నీ ఐదో రోజుకూ కదులుతూనే ఉన్నాయి, కొన్ని గూడు కూడా అల్లుకోబోయాయి. జీన్ తిరిగి ఇచ్చినవి ఎక్కించినవి మళ్లీ నల్లబడ్డాయి. ఈ మూడో గుంపు కోసమే ఏడు వారాల కమిటీ, పేలిన క్యువెట్లు. రాత్రి పదకొండింటికి లెక్కపెట్టి, బతికినవాటి గీత కిందకి దిగిందని సంతోషపడి, వెంటనే ఎందుకో ఆ డబ్బా వంక చూడలేకపోయాను.

ఫేజ్‌ను మందుగా ఇచ్చి చూసిన భాగం అంత అందంగా రాలేదు. బ్యాక్టీరియా ఎక్కించిన గంటకు ఫేజ్ ఇస్తే చాలావరకు బతికాయి. ఆరు గంటలు ఆగి ఇస్తే పెద్దగా తేడా లేదు. ఆసుపత్రికి వచ్చే రోగి గంటలో రాడు. వార్తల్లో 'సూపర్‌బగ్‌ను చంపే వైరస్' అని వచ్చినప్పుడు ఈ ఆరు గంటల గీత ఎవరూ వెయ్యరు, అది నాకు కొంచెం కోపం తెప్పిస్తుంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. అదే ఆసుపత్రి ఇచ్చిన మిగతా క్లెబ్సియెల్లా స్ట్రెయిన్‌ల మీద మా ఫేజ్ వేస్తే ఏవో కొన్నింటి మీదే పనిచేసింది. క్లెబ్సియెల్లా క్యాప్సూల్‌లో జన్యుపరంగా చూస్తే వందకు పైగా రకాలున్నాయి, మా ఫేజ్ ఎంజైమ్ కోసేది అందులో ఒక్క రకాన్నే. జిగురు లేని మ్యూటెంట్‌నే ఎరగా వాడి దాన్ని చంపే రెండో ఫేజ్‌ను వెతికాం. అది కొద్ది వారాల్లోనే దొరికింది. రెండూ కలిపి వేస్తే గ్రాఫ్ ఇరవైనాలుగు గంటలు లేవలేదు. ఇరవైనాలుగు తర్వాత మాత్రం ఒకటి రెండు బావుల్లో లేచింది, వాటిని ప్లేట్ మీద వేసి ఫ్రీజర్‌లో పెట్టాను.

పేపర్ డిసెంబరులో పంపాం. రివ్యూలు రావడానికి రెండు నెలలు దాటింది. ఒక రివ్యూయర్ మెచ్చుకుని, మ్యూటెంట్‌లు శరీరంలో కూడా ఇలాగే పుడతాయా, ప్లేట్ మీదే పుడతాయా అని అడిగారు. సరైన ప్రశ్న, జవాబు చెప్పాలంటే ఎలుకలు కావాలి. ఎలుకలకు ఇవ్వాలంటే ఫేజ్ ద్రవంలోంచి ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడలోని విషపదార్థం) తియ్యాలి, ఎందుకంటే ఫేజ్ పగలగొట్టిన బ్యాక్టీరియా గోడ ముక్కలన్నీ అందులోనే ఉంటాయి. మనుషులకు నరంలోకి ఇచ్చే మందుల్లో అది కిలో బరువుకు గంటకు 5 యూనిట్లు మించకూడదు. మాది మొదట కొలిచినప్పుడు దానికి వేల రెట్లు ఉంది. శుద్ధి చేసే కాలమ్‌లు, కొలిచే కిట్‌లు ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే ఖరీదైనవి. ప్రతి కాలమ్ దగ్గరా కొంత ఫేజ్ కూడా పోతుంది, కాబట్టి ఎక్కువ పెంచుకుని మొదలుపెట్టాలి.

జంతు ఎథిక్స్ అర్జీ గత నెల ఇచ్చాను. గుంపుకు ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్నే, ఏ లక్షణం కనిపిస్తే బాధ పడకుండా ప్రయోగం ఆపేస్తారు అని ప్రతిదానికీ లెక్క చూపించాలి. లార్వాల గీతలు ఆ లెక్కలకు బాగా పనికొచ్చాయి. కమిటీ సమావేశం వచ్చే నెల రెండో వారంలో. ఈలోపు ఇరవైనాలుగు గంటలు దాటాక లేచిన ఆ బావుల్లోని బ్యాక్టీరియా జన్యుక్రమం చదవడానికి పంపాను. ఫలితం శుక్రవారం రావచ్చన్నారు.